చిత్రస్వామ్యమును ‘ఇచ్చు’ ధాతువును

విదేశపు చిత్రకారులు రచించిన బొమ్మలను మన ముద్రాపకులు వాడుకొనఁగోరినపుడు, ఆ బొమ్మలకు స్వామి యెవఁడు, అనుజ్ఞ నెవ్వరీయవలయును, ఇచ్చినదేమి, ఇయ్యక నిలుపుకొన్నదేమి యను ప్రశ్నలు పుట్టుచుండును. ఇది న్యాయవాదుల సొత్తు, మనకేల యని పండితులు తలంపవచ్చును. కాని యీ వివాదములలోఁ బెక్కు, మాటల యర్థము నిర్ణయింపఁబడకపోవుటచేఁ బుట్టినవే. మాటల యర్థమును నిర్ణయించుట మన పని. కావున నీ విషయమును గూర్చి యించుక విచారింతును.

ఈ విచారమునకు హేతువైన వృత్తాంతమును మొదట మనవిచేసికొందును. నాయొద్ద సికిందరాబాదులోఁ జదువుకొన్న శిష్యుఁడొకఁడు, విదేశపు రేఖాచిత్రకారులకుఁ బ్రతినిధిగా నుండి వారి చిత్రములను మన ప్రాంతపు పుస్తకప్రకాశకులకు లైసెన్సుపై నిప్పించు వ్యాపారము చేయుచున్నాఁడు. అతఁడు తన యనుజ్ఞాపత్రమును దెనిఁగింపుమని కోరఁగా నేను, ‘ఈ చిత్రమును మీకు ఇచ్చినాము’ అని తేలికగా వ్రాసిపెట్టితిని. పిల్లల పుస్తకపు ముఖపత్రమునకై యా బొమ్మను దీసికొన్న ప్రకాశకుఁడొకఁడు రెండేండ్లు గడచినపిదప దానినే మఱియొక పుస్తకముమీఁదను, గోడ క్యాలెండరుమీఁదను ముద్రించెను. అడుగఁబోఁగా, ‘ఇచ్చినామని మీరే వ్రాసితిరి గదా’ యని పత్రమును జూపెను. అతనియందు మోసము లేదు. దోషము నా వాక్యమునందే యున్నది. శిష్యుఁడు నన్నొక్కమాటయు ననక, చిత్రకారునకు రావలసిన సొమ్మును దన చేతినుండి చెల్లించి మాట నిలుపుకొనెను. ఆ ఋణమును గొంతయైనఁ దీర్చుకొనుటకే యీ వ్యాసము.

చిత్రమునందు రెండు స్వామ్యములు గలవు. ఒకటి వస్తువునందలిది, రెండవది కృతియందలిది. తాళపత్రగ్రంథమును వెలయిచ్చి కొన్నవాఁడు తాటాకులకు స్వామి యగును గాని కావ్యమునకుఁ గర్త కాఁడు. చిత్రమునందును నంతే. హైదరాబాదులోని సాలార్‌జంగు మ్యూజియములో ఇటలీ దేశపు శిల్పి బెంజోనీ చెక్కిన ముసుఁగు రెబెక్కా విగ్రహమును జూడనివారరుదు. మొదటి సాలార్‌జంగు 1876లో రోమునగరమున దానినిఁ గొనెను. రాతినిఁ గొన్నంతమాత్రమున ఆ రూపమును బ్రతులెత్తించు హక్కు గొన్నట్లు గాదు. బెంజోనీ 1873లోనే మరణించినవాఁడగుటచే నేఁడా రూపమును గూర్చి యెవ్వరికిని గృతిస్వామ్యము లేదు. విగ్రహము మాత్రము మ్యూజియముది. దాని యెదుట నిలిచి ఛాయాచిత్రము దీయఁగోరువాఁడు మ్యూజియమువారి నియమములను బాటింపవలయును. స్వామ్యములు రెండనుట కింతకంటె సులభమైన నిదర్శనము మన యూర లేదు.

కృతిస్వామ్యమను భావము చిత్రముల విషయమున నూతనమైనది కాదు. ఇంగ్లండులో విలియం హోగార్తు అను చిత్రకారుఁడు తన రాగిరేకు చిత్రములను దొంగతనముగా ముద్రించి చౌకగా నమ్ముకొనువారి బాధ పడలేక, తోడి చిత్రకారులతోఁ గలిసి పార్లమెంటును వేఁడుకొనెను. దానిఫలముగా 1735లో ముద్రాచిత్రములను రక్షించు చట్టము పుట్టెను. ఆయన తన యెనిమిది చిత్రముల మాలికనొకదానిని ఆ చట్టమమలులోనికి వచ్చు దినమువఱకు నాఁపి, పిదపనే వెలువరించెను. అచ్చుబొమ్మ గీయువాని బ్రదుకు ప్రతులలోనున్నది, మూలపురేకులో లేదు. ఈ సంగతిని మొదట గట్టిగాఁ జాటినవాఁ డితఁడే యనవచ్చును.

ఇఁక మొదటి స్వామి యెవఁడను ప్రశ్న. క్రియయందు స్వతంత్రుఁడైనవాఁడు కర్త యనియు, వానినిఁ బ్రేరేపించువాఁడు హేతువనియు, ఆ హేతువునకును గర్తృసంజ్ఞ గలదనియు పాణిని ప్రథమాధ్యాయ చతుర్థపాదమునఁ జెప్పెను. లోకమునందును రాజు గుడి కట్టించెనందుము. శిల్పి పేరు తఱచుగా మఱచిపోవుదుము. మన 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము 17వ సెక్షనునందు ఈ కర్తృద్వయమునే విచారించినది. సామాన్యముగా రచించినవాఁడే మొదటి స్వామి. కాని వెల గైకొని యొకరి కోరికపైఁ దీసిన ఛాయాచిత్రమునకును, వ్రాసిన వర్ణచిత్రమునకును, ప్రతిరూపమునకును, చెక్కిన ముద్రాచిత్రమునకును, విరుద్ధమైన యొడంబడిక లేనిచో, కోరి చేయించినవాఁడే స్వామి. జీతమునకుఁ గుదిరి, ఉద్యోగమున భాగముగా రచించిన చిత్రమునకు, విరుద్ధమైన యొడంబడిక లేనిచో, యజమానుఁడు స్వామి.

దీనికి మన సికిందరాబాదే మంచి యుదాహరణము. రాజా దీనదయాళు (1844-1905) ఆఱవ నిజామునకు ఆస్థాన ఛాయాచిత్రకారుఁడై యీ యూర స్టూడియో నెలకొల్పెను. 1897లో విక్టోరియా రాణి యాయనకు రాజపత్రము నొసఁగెను. ఆయన స్టూడియో గాజుపలకలు పెక్కు నేఁడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రపఱుపఁబడియున్నవి. అట్టి స్టూడియోకు నేఁడొక గృహస్థుఁడు వచ్చి సొమ్మిచ్చి తన చిత్రమును దీయించుకొనినచో గాజుపలక స్టూడియోవానిది. కాగితపుఁ బ్రతి గృహస్థునిది. వేఱు కట్టుబాటు లేనిచోఁ గృతిస్వామ్యమును గృహస్థునిదే. ఒకే చిత్రమున వస్తువు లిరువురివి, కృతి యొకరిది. ప్రతినిధియైనవాఁడు మొట్టమొదటఁ దెలిసికొనవలసినది యిదియే. చిత్రకారుఁడు తాను గీసినది తనదే యని నమ్మియుండవచ్చును. అది వాని దేశమున నే పత్రికవారికో యదివఱకే చెందియుండవచ్చును. స్వామి కానివానియొద్దఁ బొందిన యనుజ్ఞ యనుజ్ఞయే కాదు.

విదేశీయుని కృతికి మన దేశమున రక్షణ యెట్లు గలుగును? 1886లో బెర్నునగరమునఁ గుదిరిన యంతర్జాతీయసంధి దీనికి మూలము. మన దేశము 1928 ఏప్రిలు 1వ తేదినుండి యందు సభ్యమై యున్నది. అమెరికా సంయుక్తరాష్ట్రములు 1989లోఁ జేరినవి. సంధిలోని రాజ్యములు తమ ప్రజలకిచ్చు రక్షణనే యితరరాజ్యముల కృతికర్తలకును ఈయవలయును. ఏ కచ్చేరిలోను దాఖలు చేయింపకున్నను హక్కు కలుగును. మన చట్టమునందలి 40వ సెక్షనును, దానిక్రింద 1999లో వెలువడిన యుత్తరువును విదేశకృతులకీ రక్షణను వర్తింపఁజేసినవి. మన దేశమున నమోదు చేయించుట సాక్ష్యమునకుఁ దోడ్పడునే గాని హక్కునకుఁ గారణము గాదు. ‘ఇది యెక్కడనో దొరకినది, దీనికి ముద్రలేదు’ అను సమాధానము నిలువదు.

స్వామ్యమునకుఁ గాలపరిమితి గలదు. మన చట్టప్రకారము చిత్రకారుఁడు మరణించిన సంవత్సరమునకు మఱుసటి సంవత్సరాదినుండి 60 ఏండ్లు అది నిలుచును. మొదట 50 ఏండ్లుగా నున్న యీ కాలము 1992లోఁ బెంపఁబడినది. ఐరోపా రాజ్యములు పెక్కింట నిది 70 ఏండ్లు. గణితపుస్తకముల యందు తఱచుగాఁ గానవచ్చు వింతబొమ్మల కర్త, హాలెండు దేశపు ఎషర్, 1972లో మరణించెను. కావున 2032వ సంవత్సరాంతమువఱకు మన దేశమున వాని చిత్రములకు స్వామ్యము గలదు. జర్మనీదేశపు ముద్రాచిత్రకారిణి కేథే కోల్విట్జు 1945లో మరణించినది. మన దేశమున 2005తో నామె చిత్రములు స్వేచ్ఛ నొందినవి, జర్మనీలో 2015తో. ఈ పదియేండ్ల నడుమ సికిందరాబాదులో నిర్భయముగా నచ్చువేయఁదగిన బొమ్మను బెర్లినునకుఁ బంపి యమ్మరాకుండెను. ముద్రించుచోటనేకాక విక్రయించుచోటను గాలమును లెక్కింపవలయునని దీనివలనఁ దెలియుచున్నది.

ఇఁకఁ బ్రతినిధి. 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టము ఏజెంటు ధర్మములను వివరించినది. ప్రతినిధి స్వామి కాఁడు, క్రయదారుఁడును గాఁడు. స్వామికొఱకు మఱియొకరితో వ్యవహరించువాఁడు. స్వామి చెప్పిన హద్దు మీఱరాదు. లెక్కలడిగినపు డొప్పగింపవలయును. తన కమిషనును ఖర్చులను మినహాయించుకొని తక్కిన సొమ్మును స్వామికిఁ జెల్లింపవలయును. స్వామి యెఱుఁగకుండఁ దానే కొనుగోలుదారుఁడై లాభమును బొందరాదు; పొందెనేని యా లాభమును స్వామి యడుగవచ్చును. తాను స్వయముగాఁ జేయుదునన్న పనిని, వర్తకాచారమో పని స్వభావమో యొప్పుకొననిచో, వేఱొకనికిఁ గట్టఁబెట్టరాదు. విదేశచిత్రకారుల విషయమున నీ కడపటిది ముఖ్యము. తఱచుగాఁ జిత్రకారుఁడు తన దేశపు సంస్థకును, ఆ సంస్థ మన దేశపు ప్రతినిధికిని అధికార మొసఁగుచుందురు. పారిసున 1953లో నేర్పడిన ఏ.డి.ఏ.జి.పి., లండనున 1984లో నేర్పడిన డి.ఏ.సి.ఎస్. అట్టి చిత్రకారసంఘములు. ఈ గొలుసులో నొక్క లంకె తెగినను క్రిందివాఁడిచ్చిన యనుజ్ఞ చెల్లదు. కావున ప్రకాశకుఁడు ప్రతినిధిని, ‘మీకీ యధికార మెవ్వరు వ్రాసియిచ్చిరి?’ అని యడుగుట యవమానము గాదు, వివేకము. విదేశమునకు రాయల్టీ పంపునపుడు తగిన యాదాయపుఁ బన్నును మినహాయించి ప్రభుత్వమునకుఁ జెల్లించు భారమును బంపువానిదే యగును.

ఇపుడు ప్రధానవిషయమగు ‘ఇచ్చు’ ధాతువునకు వత్తము. సంప్రదానమన నేమి యని వైయాకరణులు విచారించిరి. తన స్వత్వమును మాన్పుకొని పరునకు స్వత్వమును గలిగించుటయే దానమని వృత్తికారుల మతము. అందువలన విప్రునకు గోవు నిచ్చినపుడు చతుర్థియు, రజకునకు వస్త్రము నిచ్చినపుడు షష్ఠియు వచ్చునందురు. ఉతికి తెచ్చుటకిచ్చిన వస్త్రము రజకునిది గాదు గదా. అయితే ఉపాధ్యాయుఁడు శిష్యునకుఁ జెంపదెబ్బ నిచ్చెనను నర్థమునఁ జతుర్థిని భాష్యకారుఁడు ప్రయోగించియున్నాఁడు. అచట నే స్వత్వమును మాఱలేదు. కావున విభక్తినిఁ బట్టియే స్వత్వనిర్ణయము చేయుట సంస్కృతమునను నిరపాయము గాదు. తెనుఁగున నిదియు లేదు. విప్రునకు నిచ్చితిమందుము, చాకలికి నిచ్చితిమందుము, రెండింటను ‘కు’వర్ణకమే. నా వాక్యము చెడిన దిచ్చటనే.

కాని తెనుఁగువాఁడీ భేదము నెఱుఁగనివాఁడు గాఁడు. విభక్తితోఁ దెలుపనిదానిని వేఱుమాటతోఁ దెలుపును. పొలమును దానమిచ్చును, అమ్మును, కౌలుకిచ్చును. కౌలుకిచ్చినవాఁడు పొలమును గోలుపోఁడు. కౌలుదారుఁడు గడువుదీఱఁగానే మళ్ల విడిచిపోవలయును. ఈ భేదమే చిత్రములందును. కాపీరైటు చట్టమునందలి 18, 19 సెక్షనులు చెప్పునది స్వామ్యప్రదానము, అనఁగా నమ్మకము. 30వ సెక్షను చెప్పునది యనుజ్ఞ, అనఁగాఁ గౌలు. రెండును వ్రాతమూలముగనే జరుగవలయును, నోటిమాట చాలదు. ఇఁక మూఁడవది, ఒక్కనికి మాత్రమే యిచ్చి, తక్కినవారికేగాక చిత్రకారుఁడు తనకును వాడుకొనుటకు వీలు లేకుండఁ జేయునది. దీనిని ఏకానుజ్ఞ యనవచ్చును. స్వామ్యభంగము జరిగినపుడు దావావేయుటకు ఏకానుజ్ఞ పొందినవాఁడును స్వామివంటివాఁడే. సామాన్యానుజ్ఞ పొందినవాని కట్టి యధికారము లేదు.

కౌలుపత్రమున సర్వేనంబరు, హద్దులు, గడువు, పైరు, మక్తా వ్రాయుదురు. అనుజ్ఞాపత్రమునను అట్లే యీ యంశములుండవలయును: చిత్రమేది, ఏ పుస్తకమున, ఎన్నవ కూర్పున, ముఖపత్రముననా లోపలనా, ఏ పరిమాణమున, ఎన్ని ప్రతులు, ఏ భాషలో, ఏ దేశములందు, ఎంతకాలము, విద్యుద్రూపమునఁ గూడనా కాదా, సొమ్మెంత, ఎప్పుడు, చిత్రకారుని పేరెచ్చట. ఈ హద్దులు వ్రాయనిచోఁ జట్టమే కొన్నింటిని వ్రాసికొనును. గడువు చెప్పనిచో నైదేండ్లనియు, దేశము చెప్పనిచో భారతదేశమునకు మాత్రమే యనియు నెన్నును. ఒక యేఁటిలోఁ బ్రయోగింపని హక్కు, వేఱుమాట లేనిచో, రద్దయినట్లెన్నును. 19వ సెక్షనులో స్వామ్యప్రదానమునకుఁ జెప్పిన యీ విధులను 30ఏ సెక్షను, తగిన మార్పులతో, అనుజ్ఞకును వర్తింపఁజేసినది. నా వాక్యమును నేఁడు దిద్దవలసివచ్చినచో నిట్లు వ్రాయుదును: ‘ఈ చిత్రమును ఈ పుస్తకపు మొదటి తెలుఁగు కూర్పున, ముఖపత్రమున మాత్రము, వేయి ప్రతులకు మించకుండ, భారతదేశమున నమ్ముటకై రెండేండ్లపాటు ముద్రించుకొన ననుజ్ఞ యొసఁగుచున్నాము. స్వామ్యము చిత్రకారునియందే యుండును.’ వాక్యము దీర్ఘమైనది; వివాదము హ్రస్వమగును.

అమ్మినను గౌలుకిచ్చినను చిత్రకారునివద్దనే నిలుచునది యొకటి గలదు. అది వాని పేరును, వాని ప్రతిష్ఠయు. 1928లో రోమునగరమున బెర్నుసంధికీ ధర్మము చేర్చఁబడెను. మన చట్టమున 57వ సెక్షనిదియే. కృతి తనదని చెప్పుకొనుటకును, తన గౌరవమునకు భంగము గలుగునట్లు దానిని వికృతము చేసినచో నడ్డుకొనుటకును స్వామ్యమును విడిచినపిదపఁ గూడఁ గర్తకధికారము గలదు. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీలోని విజ్ఞాన భవనమునకై రచించిన కంచుఫలకము 1979లోఁ దొలఁగింపఁబడి చెడిపోఁగా, ఆయన ప్రభుత్వముపై వ్యాజ్యెమాడెను. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ఫలకమును శిల్పికి మరల నప్పగింపుమనియు, ఐదు లక్షల రూపాయల నష్టపరిహార మీయుమనియుఁ దీర్పు చెప్పెను. బొమ్మను గొన్నాము గదా యని ప్రక్కలు కత్తిరించుట, రంగు మార్చుట, ఒకని తల నింకొకని మొండెముపై నతికించుట మన ముద్రణాలయములలో వింతగాదు. శ్లోకమున నొక పాదమును దీసివేసి కవి పేరుతోఁ బ్రకటించినచో మనము సహింతుమా? పేరును దెలుఁగులిపిలో వ్రాయునపు డా దేశపు టుచ్చారణము నడిగి తెలిసికొని వ్రాయుటయు మర్యాదయే.

బోధకులకొక మాట. పాఠము చెప్పునపు డుపాధ్యాయుఁడో విద్యార్థియో బొమ్మను బ్రతియెత్తికొనుటయు, పరీక్షాపత్రమున ప్రశ్నగాఁ జేర్చుటయు 52వ సెక్షనులో దోషము గాదని చెప్పఁబడినది. విమర్శకై న్యాయముగా నుదాహరించుటయు నట్టిదే. కాని నల్లబల్లపై గీసినదానికిఁ జెల్లు మినహాయింపు, అమ్ముటకై యచ్చొత్తించిన పుస్తకమునకును జెల్లునని సాహసింపరాదు. పాఠశాల వార్షికసంచికలయం దీ పొరపాటు మిక్కిలిగాఁ గానవచ్చుచున్నది.

ఇంతవఱకు విదేశచిత్రకారుల మేలుకొఱకు మాటాడినట్లున్నది. త్రాసునఁ రెండవతట్టను జూతము. విదేశమని మన మనునది వారికి స్వదేశము. వారికి మనమే విదేశీయులము. అమెరికాలో నే తెలుఁగువారైనఁ దమ సంచిక యట్టపై వడ్డాది పాపయ్య బొమ్మనో బాపు బొమ్మనో ముద్రింపఁదలఁచినచో, వారికి వీరే సముద్రాంతరచిత్రకారులు. పాపయ్య 1992లోను, బాపు 2014లోను గతించిరి. మన చట్టమునఁ గ్రమముగా 2052, 2074 సంవత్సరాంతములవఱకు వారి కృతులకు స్వామ్యము గలదు. ‘మనవాఁడే గదా’ యను నభిమానము అనుజ్ఞకు బదులుగాదు. ఎషర్ బొమ్మకు వ్రాఁతపూర్వకముగ ననుజ్ఞ గోరుచు మనవారి బొమ్మలను జెప్పకయే తీసికొనుట ధర్మమునకు రెండు కొలతలు పెట్టుట యగును. ఒకనాఁడు విదేశీయుఁడైన కూల్డ్రే రాజమహేంద్రవరపుఁ గళాశాలలో నధ్యక్షుఁడై దామెర్ల రామారావు, అడివి బాపిరాజు మున్నగువారి కుంచెకుఁ బ్రోత్సాహ మిచ్చెను. కళకు దేశపు హద్దు లేదను మాట సత్యమే. కళాకారుని కూలికి హద్దు దాఁటఁగానే లోపము గలుగరాదనుటయు నంతే సత్యము.

కావున స్వామ్యము, ప్రదానము, అనుజ్ఞ, ఏకానుజ్ఞ, ప్రతినిధి యను నీ యైదు శబ్దములను నియతార్థములుగా వాడుదమని నా ప్రార్థన. ఇంతకంటె సులభములైన దేశ్యపదములు మన కౌలుపత్రములందును, క్రయపత్రములందును దొరకవచ్చును. ఎఱిఁగిన పండితులు సూచింతురేని శిరసావహింతును. శిష్యుఁ డిప్పుడు క్రొత్తపత్రమును వాడుచున్నాఁడు. అందు ‘ఇచ్చినాము’ అను మాట యెచ్చటను లేదు.